బుడమేరు: రెండు దారులున్నా తోవ దొరకని ఏరు

దేశ పటంలో బుడమేరు పేరు కనిపించదు. రాష్ట్ర పటంలోనూ సన్నని గీతగానే కనిపిస్తుంది. వేసవిలో చూసినవారికి అది మురుగు కాలువకూ వాగుకూ మధ్య ఏదో ఒకటిగా తోస్తుంది. అయినా 2024 ఆగస్టు 31 రాత్రి మొదలైన ముంపులో విజయవాడ ఉత్తర భాగాన్ని వారానికి పైగా నీటిలో నిలబెట్టింది పక్కనే పారే మహానది కృష్ణ కాదు, ఈ చిన్న ఏరే. లక్షలమంది మేడల మీద, పైఅంతస్తుల్లో, పునరావాస కేంద్రాల్లో రోజులు వెళ్లదీశారు. తాగునీరు, ఆహారం అందించడానికి పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లు వాడవలసి వచ్చింది.

అప్పటి నుంచి ప్రతి వానాకాలంలోనూ ఒకే ప్రశ్న తిరిగి వస్తోంది. బుడమేరు మళ్లీ పొంగితే ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం ఆక్రమణల జాబితాలోనో, గేట్ల లెక్కలోనో మాత్రమే దొరకదు. అది ఈ ఏరు పుట్టుక నుంచి కడలి చేరే దాకా సాగే దారిలో ఉంది. ఆ దారిని ఒకసారి మొదటి నుంచి చివరి వరకూ చూస్తే తప్ప, ప్రతిపాదిస్తున్న పరిష్కారాల్లో ఏది ఎంతవరకు పనిచేస్తుందో తేల్చడం కష్టం.

కొండ నుంచి కొల్లేటి దాకా

తెలుగు భాష ప్రవాహాలకు వాటి స్థాయిని బట్టి పేర్లు పెట్టింది. వంక, వాగు, ఏరు, నది. బుడమేరు, మున్నేరు, తమ్మిలేరు, ఉప్పుటేరు అన్న పేర్ల చివర ఉన్నది ఈ 'ఏరు' అన్న మాటే. ఏడాది పొడవునా నిండుగా పారకపోయినా, వాన పడితే గట్టు తెంచుకునే శక్తి గల ప్రవాహాలివి.

బుడమేరు ఎన్టీఆర్ జిల్లా మైలవరం పరిసరాల్లోని కొండలలో పుడుతుంది. చుట్టుపక్కల కొండవాగులు ఒకదాని తరువాత ఒకటి వచ్చి కలుస్తాయి. అక్కడ భూమికి వాలు ఎక్కువ. వాన కురిసిన కొద్ది గంటలలోనే నీరు కిందికి చేరుతుంది. పెద్ద నదికి వరద రావడానికి రోజులు పడుతుంది. ఎగువ జలాశయాల లెక్కలు చూసి దిగువవారిని ముందుగా హెచ్చరించే వ్యవధి ఉంటుంది. కొండ ఏటికి ఆ వ్యవధి లేదు. సాయంత్రం వాన, రాత్రికి వరద.

జి.కొండూరు మండలంలోని వెలగలేరు వద్ద ఈ ఏటికి అడ్డంగా రెగ్యులేటర్ ఉంది. బుడమేరు కథలో అసలు మలుపు ఇదే. సహజంగా పోయే దారి ఇక్కడి నుంచి తూర్పుగా, ఆగ్నేయంగా సాగుతుంది. విజయవాడ ఉత్తర శివార్లకు వచ్చి, సింగ్‌నగర్, పాయకాపురం, గుణదల ప్రాంతాల పక్క నుంచి పోతుంది. ఎనికేపాడు దగ్గర కృష్ణా తూర్పు డెల్టా కాలువ కింద కట్టిన సొరంగ మార్గం గుండా అవతలికి చేరుతుంది. స్థానికులు దీనిని యూటీ అంటారు. అక్కడి నుంచి గుడివాడ వైపు పల్లపు భూముల మీదుగా, నందివాడ ప్రాంతం దాటి కొల్లేరు సరస్సులో కలుస్తుంది.

కొల్లేరు సముద్రం కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన విశాలమైన పల్లం. అందులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లూ, ఎన్నో డ్రెయిన్లూ వచ్చి చేరతాయి. బయటకు పోవడానికి ప్రధానమైన దారి ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి అది బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని వాలు అతి స్వల్పం. సముద్రానికి పోటు వచ్చినపుడు నీరు ముందుకు పోవడం మందగిస్తుంది. వేసవిలో సరస్సు మట్టం తగ్గితే ఉప్పునీరు ఎదురు ఎక్కి వస్తుంది.

అంటే బుడమేరు ప్రయాణం మూడు భిన్నమైన నేలల మీదుగా సాగుతుంది. పైన నీటిని వేగంగా దింపే కొండ. నడుమ జనం కిక్కిరిసిన నగరం. కింద నీటిని మెల్లగా మాత్రమే వదిలే పల్లం. వేగంగా వచ్చేదానికీ, మెల్లగా పోయేదానికీ మధ్యన నగరం చిక్కుకుని ఉంది.

మనుషులు చేసిన ఉపనది

సహజంగా చూస్తే బుడమేరు కృష్ణకు ఉపనది కాదు. దాని గమ్యం కొల్లేరు. కానీ విజయవాడనూ, కొల్లేటి పల్లపు గ్రామాలనూ ముంపు నుంచి తప్పించడానికి వెలగలేరు దగ్గర నుంచి ఒక మళ్లింపు కాలువ తవ్వారు. బుడమేరు డైవర్షన్ ఛానల్ అని దాని పేరు. అది ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం సమీపంగా సాగి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. ఆ విధంగా బుడమేరు సగం కొల్లేటిది, సగం కృష్ణది అయింది. తన దారిని తాను ఎంచుకోని ఉపనది ఇది.

ఈ కాలువకు తరువాతి కాలంలో మరో బాధ్యత కూడా వచ్చి చేరింది. గోదావరి జల వివాదాల ట్రైబ్యునల్ 1980లో ఇచ్చిన తీర్పు ప్రకారం పోలవరం నుంచి 80 టీఎంసీల గోదావరి జలాలను ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణకు మళ్లించాలి. అందుకు తవ్విన పోలవరం కుడి ప్రధాన కాలువ పొడవు 174 కిలోమీటర్లు. దాని చివరి అంచె బుడమేరు మళ్లింపు మార్గమే. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల నీరు ఈ దారిలోనే ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణను చేరింది. నదుల అనుసంధానానికి ప్రతీకగా ఆ చోటును పవిత్ర సంగమం అని పిలుస్తున్నారు.

సాగునీటి దృష్టితో చూస్తే ఇది సమర్థమైన ఏర్పాటు. వరద దృష్టితో చూస్తే ఇందులో ఒక బలహీనత దాగి ఉంది. మళ్లింపు కాలువ నీరు కృష్ణలోకి పోవాలంటే కృష్ణ మట్టం దాని కంటే తక్కువగా ఉండాలి. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు కాలువ నీరు బయటకు పోలేక వెనక్కి తన్నుతుంది. కట్టలపై ఒత్తిడి పెరుగుతుంది. ఇటు పాత దారిలో వదిలితే నగరం ఉంది. దాని అవతల కొల్లేరు నిండి ఉంటే అక్కడా అదే కథ. రెండు తలుపులున్న ఇల్లే, కానీ రెండింటి తాళాలూ ఇతరుల చేతిలో ఉన్నాయి. ఒకటి కృష్ణ దగ్గర, మరొకటి కొల్లేటి దగ్గర.

ఆ రాత్రి ఏం జరిగింది

2024 ఆగస్టు చివర బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం ఆగస్టు 31 అర్ధరాత్రి దాటిన తరువాత కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. దాని ప్రభావంతో కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాలతో పాటు సరిహద్దుకు అవతల ఖమ్మం ప్రాంతంలోనూ అతి భారీ వర్షాలు కురిశాయి. ఖమ్మంలో మున్నేరు పొంగి పట్టణాన్ని ముంచింది. ఆ మున్నేటి నీరు కూడా ప్రకాశం బ్యారేజీకి ఎగువనే కృష్ణలో కలుస్తుంది. మరోవైపు ఎగువ జలాశయాల నుంచి కృష్ణలోకి వరద వస్తూనే ఉంది.

వెలగలేరు వద్ద వరద పెరగడంతో రెగ్యులేటర్ గేట్లు ఎత్తారు. నీరు పాత బుడమేరు దారిన నగరం వైపు వచ్చింది. అంతటితో ఆగలేదు. మళ్లింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. కృష్ణలోకి మళ్లవలసిన నీరు సైతం తిరిగి నగరం మీదికే మళ్లింది. గేట్లు ఎత్తడం వల్ల వచ్చిన నీటిని గేట్లు దించి ఆపవచ్చు. గండి నుంచి వచ్చే నీటిని ఆపాలంటే గండి పూడ్చాలి. సైన్యం సహకారంతో రేయింబవళ్లు శ్రమించి మూడో గండిని పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. నగరంలో ముంపు అన్ని రోజులు నిలిచిపోవడానికి ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

ఇదే సమయంలో కృష్ణ ఏ స్థితిలో ఉంది? సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి దిగువకు వెళ్లిన వరద 11.43 లక్షల క్యూసెక్కులు. 2009 అక్టోబరు వరదలో నమోదైన సుమారు 11.10 లక్షల క్యూసెక్కుల కంటే ఇది ఎక్కువ. బ్యారేజీని 11.9 లక్షల క్యూసెక్కుల వరదకు రూపొందించారు. అంటే అది తన హద్దుకు చేరువగా వచ్చింది. ఆ స్థితిలో ఉన్న నదిలోకి ఒక పక్క కాలువ తన నీటిని సులువుగా వదలగలదని ఆశించలేము. చిన్న ఏటికీ, పెద్ద నదికీ ఒకే వేళ వరద వచ్చింది. అసలు విపత్తు ఈ కలయికలోనే ఉంది.

లెక్క చెప్పే నిజం

మళ్లింపు కాలువ సామర్థ్యం దాదాపు 15 వేల క్యూసెక్కులు. ఆ రాత్రి బుడమేటికి వచ్చిన వరద 40 వేల క్యూసెక్కుల స్థాయిని దాటిందన్నది అప్పట్లో వెలువడిన అంచనా. తేడా 25 వేల క్యూసెక్కులు. కృష్ణా వరద లెక్కల పక్కన ఇది చాలా చిన్న అంకె. కానీ దీనిని మరోలా చూడాలి. సుమారు 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ నీరవుతుంది. కాబట్టి 25 వేల క్యూసెక్కులు ఒక్క రోజు పారితే రెండు టీఎంసీలకు పైగా నీరు పోగవుతుంది. ప్రకాశం బ్యారేజీ పూర్తి నిల్వ సామర్థ్యమే 3.07 టీఎంసీలు.

రెండు టీఎంసీల నీటిని ఒక మీటరు లోతున పరిస్తే అది 56 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరిస్తుంది. విజయవాడ నగరపాలక సంస్థ విస్తీర్ణం దాదాపు 62 చదరపు కిలోమీటర్లు. అంత నీరూ నగరంలోనే నిలవలేదు, కొంత కిందికి పోయింది. వరద కూడా రోజంతా ఒకే స్థాయిలో సాగదు. అయినా ఒక చిన్న ఏరు ఒక్క రోజులో ఎంత పని చేయగలదో ఈ లెక్క చూపుతుంది. లక్షల క్యూసెక్కులకు అలవాటుపడిన మన చెవులకు వేల క్యూసెక్కులు తేలికగా వినిపిస్తాయి. నది నీరు కరకట్టల మధ్య పోతుంది. ఏటి నీరు ఇళ్ల మధ్య పోతుంది. ప్రమాదాన్ని కొలవవలసింది ప్రవాహం పరిమాణంతో మాత్రమే కాదు, అది ఎక్కడ నిలుస్తుందన్న దానితో కూడా.

అదే నీరు, వేర్వేరు నగరాలు

ఇది విజయవాడ ఒక్కదాని సమస్య కాదు. 2005 జూలై 26న ముంబయిలో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడినపుడు నగరాన్ని ముంచింది మిఠీ నది. పొడవు 18 కిలోమీటర్లు మాత్రమే. విహార్, పవయి చెరువుల పొర్లు నీటితో మొదలై మాహిం వద్ద అరేబియా సముద్రంలో కలుస్తుంది. అక్కడ తాళం సముద్రపు పోటు చేతిలో ఉంది. భారీ వానకు పోటు తోడైతే నీటికి పోయే దారి ఉండదు. 2015 డిసెంబరులో చెన్నైని ముంచిన అడయారుదీ ఇటువంటి కథే. ఎగువన చెంబరంబాక్కం జలాశయం నిండి నీరు వదలవలసి వచ్చింది. దిగువన ఏటి గర్భం దాకా నగరం వచ్చి ఉంది.

మన దగ్గరే అంతకు ముందు మరో పాఠం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో వేలమందిని బలిగొన్నది. మూసీ కూడా కృష్ణకు ఉపనదే. ఆ విపత్తు తరువాత నాటి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సలహా కోరింది. నగరంలో గట్లు ఎత్తు చేయడంతో సరిపెట్టకుండా ఎగువన వరదను పట్టి ఉంచే జలాశయాలు కట్టాలన్నది ఆయన సూచన. దాని ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నగరానికి తాగునీరూ అవే ఇచ్చాయి. నగరం మునిగిన చోట కాకుండా నీరు పుట్టిన చోట పరిష్కారం వెతకడం ఆ ఆలోచనలోని బలం.

పరిష్కారాలు, వాటి హద్దులు

బుడమేటి విషయంలో ఇప్పుడు చర్చలో ఉన్న మార్గాలు స్థూలంగా నాలుగు. ఒక్కొక్కటీ అవసరమే. ఏ ఒక్కటీ తనంతట తాను చాలదు.

మొదటిది, మళ్లింపు కాలువ సామర్థ్యాన్ని రెట్టింపుకు పైగా పెంచి, కట్టలను బలపరచడం. 2005 వరద తరువాత నుంచి ఈ ఆలోచన వినిపిస్తూనే ఉంది. కృష్ణ మట్టం తక్కువగా ఉన్న సంవత్సరాల్లో ఇది నగరాన్ని దాదాపుగా కాపాడగలదు. కానీ కృష్ణకు పెద్ద వరద వచ్చిన వేళ విశాలమైన కాలువకు సైతం వెనక్కి తన్నే నీరు తప్పదు. అందుకే కాలువ వెడల్పుతో పాటు కట్టల ఎత్తు, దృఢత్వం, కృష్ణలో కలిసే చోట నియంత్రణ కూడా అంతే ముఖ్యం. గోదావరి జలాలను తెచ్చే కాలువగా, వరదను మోసే కాలువగా ఒకే దారి రెండు పనులు చేస్తున్నందున, వాతావరణ హెచ్చరిక వచ్చిన వెంటనే ఎగువ పంపులు ఆపి దారి ఖాళీగా ఉంచే స్పష్టమైన నియమావళి ఉండాలి.

రెండవది, నగరంలో పాత బుడమేటి మార్గాన్ని తిరిగి తెరవడం. 2024 వరద తరువాత రాష్ట్ర ప్రభుత్వం 'ఆపరేషన్ బుడమేరు' పేరుతో ఆక్రమణల తొలగింపును ప్రకటించింది. ఏటి గర్భం వెడల్పు తగ్గితే నీటి మట్టం పెరుగుతుందన్నది వివాదం లేని విషయం. అయితే అక్కడ నివసిస్తున్న వారందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఏటి పక్క చవకగా దొరికిన జాగాలో గూడు కట్టుకున్న కూలీలు ఉన్నారు. జీవితకాలపు పొదుపుతో స్థలం కొనుక్కున్న వారు ఉన్నారు. రోడ్డు, కరెంటు, కుళాయి ఇచ్చి, ఇంటి పన్ను వసూలు చేసిన తరువాత ఆ ఇల్లు ఏట్లో ఉందని చెప్పడం వ్యవస్థ తన బాధ్యతను పౌరుని మీదికి నెట్టడమే అవుతుంది. సరిహద్దులు శాస్త్రీయంగా గుర్తించి, బహిరంగంగా ప్రకటించి, పని దొరికే దూరంలోనే పునరావాసం చూపిన తరువాతే తొలగింపు నిలబడుతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం జలవనరుల రక్షణకు ఇప్పటికే అధికారాలు ఇచ్చింది. కొత్త ఆక్రమణ మొదటి రాయి పడినప్పుడే ఆ అధికారాన్ని వాడితే కూల్చివేతల అవసరం రాదు.

మూడవది, కొల్లేరు, ఉప్పుటేరు. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు దాని పరిధి. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. అంతకు ముందే సరస్సులో చాలా భాగాన్ని చేపల చెరువుల గట్లు ఆక్రమించాయి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో వాటిని తొలగించారు. ఆ తరువాత గట్లు మళ్లీ లేచాయి. కాంటూరును మూడుకు కుదించాలన్న డిమాండు తరచూ రాజకీయ వేదికలపై వినిపిస్తుంది. అక్కడి మత్స్యకారుల, రైతుల జీవనోపాధి ప్రశ్న నిజమైనదే. అదే సమయంలో వరద నీటికి సరస్సు ఇచ్చే చోటు తగ్గిన మేరకు నందివాడ పొలాలు ఎక్కువ రోజులు నీటిలో ఉంటాయి. పక్షుల కోసమే సరస్సును కాపాడుతున్నామన్న అభిప్రాయం పూర్తి నిజం కాదు. ఏటి గట్టున ఉన్న మనుషులకూ అదే రక్ష.

నాలుగవది, అతి తక్కువగా మాట్లాడుకునేది, ఎగువ కొండల పని. మైలవరం ప్రాంతపు చెరువులను పూడిక తీసి, కట్టలు బలపరచి, కొండవాగులపై చిన్న నిల్వలు కట్టితే వరద మొత్తాన్ని ఆపలేకపోవచ్చు. కానీ దాని శిఖరాన్ని కొన్ని గంటలు వాయిదా వేయవచ్చు. ఏటికీ నదికీ ఒకే వేళ వరద రావడమే ప్రమాదానికి మూలమైనప్పుడు, ఆ కొన్ని గంటలే అసలు సంపద. మూసీ చెప్పిన పాఠం ఇదే. గట్టి వేసవి ఎదుర్కొనే ఆ మెట్ట గ్రామాలకు నిలిచిన నీరు సాగుకూ పనికివస్తుంది.

గేటుకూ గడపకూ మధ్య

వీటన్నింటికీ సంవత్సరాలు పడుతుంది, నిధులు కావాలి. ఈ వానాకాలంలోనే చేయగలిగిన పని ఒకటి ఉంది. అది హెచ్చరిక. పెద్ద నదులపై కేంద్ర జల సంఘం వరద సూచనలు ఇస్తుంది. వాతావరణ శాఖ వర్ష సూచన ఇస్తుంది. ఈ రెండింటి మధ్య చిన్న ఏరు జారిపోతుంది. నగర వరదలపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది. పరీవాహక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని పర్యవేక్షించాలన్నది వాటి సారాంశాలలో ఒకటి.

మైలవరం కొండల్లో వర్షమాపకాలు, వెలగలేరు పైన నీటి మట్టం కొలిచే సాధనాలు, ఆ సమాచారం నేరుగా నగర వార్డు సచివాలయాలకు చేరే ఏర్పాటు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఏ మట్టం దాటితే ఏ వీధికి ఎంత లోతు నీరు వస్తుందో ముందే గీసిన పటం ప్రతి వార్డులో ఉండాలి. గేటు ఎత్తాలన్న నిర్ణయానికీ, ఆ నీరు మొదటి గడపను తాకడానికీ మధ్య కొన్ని గంటల వ్యవధి ఉంటుంది. ఆ గంటలు రాత్రి వేళ వచ్చినా సరే, సైరన్, మైకు, ఫోను, రేడియో అన్నీ ఒకే మాట చెప్పాలి. నిద్రలో ఉన్న కుటుంబానికి రెండు గంటల ముందు తెలిస్తే ముసలివారిని, పిల్లలను, మందులను, కాగితాలను పైకి చేర్చుకోగలుగుతుంది. ఇల్లు మునిగినా మనుషులు మిగులుతారు.

పరిపాలనలో బుడమేరు అనేక చేతుల మధ్య పంచబడి ఉంది. కాలువలు, రెగ్యులేటరు జలవనరుల శాఖవి. నగరంలోని కాలువలు నగరపాలక సంస్థవి. భూమి రెవెన్యూది. కొల్లేరు అటవీ శాఖది. ఏటికి మాత్రం ఈ హద్దులు తెలియవు. కొండ మీద పడిన చినుకు కడలి చేరే దాకా దాని బాధ్యత వహించే ఒకే వ్యవస్థ ఏర్పడనంత కాలం, ప్రతి శాఖా తన పని తాను సక్రమంగా చేసినా నగరం మునగవచ్చు.

కృష్ణమ్మకు పుష్కరాలున్నాయి, హారతులున్నాయి, బ్యారేజీ మీద నిలిచి చూసే జనమున్నారు. బుడమేటికి అవేవీ లేవు. పొంగినప్పుడు తప్ప దాని వైపు ఎవరూ చూడరు. దానిని ఎండాకాలంలో కూడా ఏరుగానే చూడడం నేర్చుకోవాలి. నీరు లేని ఆ నెలల్లో కొలతలు తీసి, హద్దులు పాతి, కట్టలు సరిచేసుకోగలిగితేనే తదుపరి పెద్ద వాన రాత్రి విజయవాడ ఉత్తర శివారు ధైర్యంగా నిద్రపోగలుగుతుంది.